బతుకు పందెమా... పంటా?

జీవితాన్ని దేనితో పోల్చుకుంటే దాన్నిబట్టే అడుగులు పడతాయి. నోటికి అలవాటైన ఆ పోలికను ఒక్కసారి ఆగి చూసుకుంటే... చాలా బరువులు దిగుతాయి, చేయాల్సిన పనీ కనిపిస్తుంది.

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లేవాళ్లను శృంగవరపుకోట దగ్గరే కొండలు పలకరిస్తాయి. చుట్టుపక్కలవాళ్లకు అది ఎస్.కోట. ఆ కొండల్లోంచి దిగివచ్చి ఈ ప్రాంతాన్ని తడిపే నదికి ఓ చిత్రమైన పేరుంది... గోస్తని. అంటే, ఆవు పొదుగు!

నదికి ఆ పేరేమిటి? జవాబు పైన, అనంతగిరి మండలంలోని బొర్రా గుహల్లో ఉంది. మేత మేస్తున్న ఓ ఆవు గుహ పైకప్పుకున్న కన్నంలోంచి లోపలికి జారిపడిందనీ, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగంలాంటి రాయి కనిపించిందనీ అక్కడ చెప్పుకునే కథ. ఆ గుహల్లో రాయి కిందికి వేలాడుతూ ఉంటుంది. దాని కొసనుంచి నీటిచుక్కలు రాలుతుంటాయి. ఎవరో, ఎప్పుడో ఆ రాతిని చూసి పొదుగు అనుకున్నారు. రాలే చుక్కను పాలనుకున్నారు. అంతే... నది తల్లి అయిపోయింది.

శాస్త్రం ఇదే సంగతిని ఇంకోలా చెబుతుంది. కొండమీద కురిసిన వాన సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని కిందికి దిగుతుంది. ప్రతి చుక్కా రాలేముందు కాస్త సున్నాన్ని వదిలిపెడుతుంది. అలాంటి రాళ్లు ఏడాదికి పెరిగేది చాలాచోట్ల మిల్లీమీటరులో పదోవంతే. ఆ లెక్కన జానెడు రాయి పెరగాలంటే రెండువేల ఏళ్లు కావాలి!

రెండూ నిజాలే. 'రాతినుంచి నీరు కారుతోంది' అన్నది కంటికి కనిపించే నిజం. 'తల్లి పాలిస్తోంది' అన్నది మనసుకు అందే నిజం. మొదటి మాట విన్నవాడు తలూపి వెళ్లిపోతాడు. రెండో మాట విన్నవాడు చేతులు జోడిస్తాడు. రాయి మారలేదు, నీరు మారలేదు. పోలిక మారింది. దాంతో మనిషికీ నదికీ మధ్య ఉన్న వరస మారిపోయింది. 1960వ దశకంలో ఈ నదిమీద తాటిపూడి జలాశయం కట్టారు. విజయనగరం జిల్లా పొలాలతోపాటు విశాఖ నగరం గొంతునూ తడుపుతోంది ఆ నీరు. పొదుగు అన్నాక పిండుకోవడం ఒక్కటే సరిపోదు, ఆవుకు మేత పెట్టే బాధ్యతా ఉంటుంది. కొండమీద చెట్లను కాపాడుకోవాలని ఇంతకన్నా తేలిగ్గా చెప్పే మాట ఏముంది?

ఒక నది విషయంలోనే పోలిక ఇంత పని చేస్తే, బతుకు విషయంలో ఎంత చేస్తుంది?

నోట్లో నానే రూపకాలు

పదో తరగతి తెలుగు వ్యాకరణం గుర్తుందా? సంసారం సాగరంలాంటిది అంటే ఉపమాలంకారం. సంసార సాగరం అనేస్తే రూపకాలంకారం. రెంటికీ తేడా లేదని, అదే ఇదని చెప్పడం రూపకం. పరీక్షలో రెండు మార్కులకోసం బట్టీపట్టి మరిచిపోయిన ఈ అలంకారాన్ని బయట రోజుకు వందసార్లు వాడుతుంటారు అందరూ.

గుండె చెరువైంది. కడుపు మండింది. మాట జారాడు. కాలం వృథాగా ఖర్చయింది. చేతికి అందివచ్చిన కొడుకు. ఏదో... బతుకు బండి లాగుతున్నాం.

ఇవేవీ కవులు రాసినవి కావు. వీధి అరుగుమీద, బస్సులో, వంటింట్లో వినిపించేవే. అమెరికాకు చెందిన భాషాశాస్త్రవేత్త జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో ఈ విషయంమీదే ఓ పుస్తకం రాశారు. రూపకం కవిత్వానికి తొడిగే నగ కాదు, మనిషి ఆలోచించే పద్ధతే అదన్నది వాళ్ల మాట. వాదననే తీసుకోండి. 'వాడి మాటను తిప్పికొట్టాడు', 'ఇద్దరూ మాటల తూటాలు పేల్చుకున్నారు', 'చివరికి వీడే గెలిచాడు' అంటాం. అంటే వాదనను యుద్ధం చేసేశాం. యుద్ధమన్నాక ఎదుటివాడు శత్రువు కాక ఏమవుతాడు? అదే వాదనను నాట్యమనుకునే జాతి ఎక్కడైనా ఉంటే వాళ్లు ఎలా మాట్లాడుకుంటారో ఊహించమన్నారు ఆ ఇద్దరూ. ఎదుటివాడు అప్పుడు శత్రువు కాదు, జతగాడు.

బతుక్కీ ఇదే వర్తిస్తుంది. బతుకు బండి అనుకుంటే చేయాల్సింది లాగడం. సముద్రం అనుకుంటే ఈది ఒడ్డుకు చేరడం. పందెం అనుకుంటే పక్కవాణ్ని దాటేయడం. పంట అనుకుంటే... విత్తడం, కాయడం, పండించడం. మనిషి అదే, ఇల్లు అదే, జీతం అదే. కానీ పొద్దున్నే లేచి 'ఇవాళ ఏం చేయాలి' అనుకున్నప్పుడు వచ్చే జవాబు మాత్రం ఒక్కో పోలికకూ ఒక్కోలా ఉంటుంది. బతుక్కి అర్థమేమిటన్న పెద్ద ప్రశ్నకు చాలామంది జవాబు వెతుక్కుంటున్నామనే అనుకుంటారు. నిజానికి ఎప్పుడో ఓ పోలిక రూపంలో ఆ జవాబును మోస్తూనే ఉంటారు. ఎవరిచ్చారో, ఎప్పుడు నెత్తినెక్కిందో మాత్రం చూసుకోరు.

పందెం అంటే ఒక్కడే గెలవాలి

ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు ఏ ఇంట్లోనైనా కాసేపు కూర్చుని వినండి. 'మీవాడికి ఎన్నొచ్చాయి?', 'పక్కింటి పిల్ల ముందుకెళ్లిపోయింది', 'మనవాడు వెనకబడ్డాడు', 'ఈ పోటీలో ఇక తట్టుకోలేడు'. ముందు, వెనక, పోటీ, తట్టుకోవడం... అన్నీ పరుగు పందెం మాటలే. ఎవరూ కావాలని అనరు. ప్రేమతోనే అంటారు. కానీ వినే పిల్లాడికి అర్థమయ్యేది ఒక్కటే: దారి ఒక్కటి, గీత ఒక్కటి, గెలిచేవాడు ఒక్కడు. మిగిలినవాళ్లంతా ఓడినట్టే.

ఈ పోలిక ఎంత బరువైనదో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి. ఏ ప్రాణమైనా ఒకే ఒక్క కారణంతో పోదు. దాని వెనక ఎన్నో ఉంటాయి. అయితే పదిహేడేళ్ల పిల్లలకు 'ఇక అయిపోయింది' అనిపించడంలో, ఇంటా బయటా వినిపించే పందెం భాషకూ ఓ వాటా ఉంటుంది. పందెంలోనే కదా... గీత దాటేవాడు దాటాక 'అయిపోయింది' అనేది!

ఇప్పుడు ఎస్.కోట పొలంగట్టు మీదికి వద్దాం. వాన మొహం చాటేసి ఆకుమడి ఎండిపోయినప్పుడు ఇక్కడి రైతు నోట వచ్చే మాట వేరు. 'ఈపాలి పోనాది... మళ్లీపాలి సూద్దారి' అంటాడు. బాధ లేక కాదు. అప్పు గుర్తురాక కాదు. కానీ ఆ మాటలో 'మళ్లీ' ఉంది. పందెం భాషలో ఆ మాటకు చోటులేదు. పంట భాషలో అది లేకుండా పనే జరగదు.

ఇంకో సంగతి. స్వర్ణ రకం వరి చేతికి రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. 1010 రకమైతే 120 రోజుల్లోనే కోతకొస్తుంది. పందెం లెక్కన 1010 గెలిచింది, స్వర్ణ నెల రోజులు వెనకబడిపోయింది! పొలంలో అలా ఎవరైనా అంటారా? నాలుగు నెలలకే కోతకు రాలేదని స్వర్ణను ఏ రైతూ తిట్టడు. ఏ నేలకు ఏది నప్పుతుంది, నీరు ఎన్నాళ్లుంటుంది అని మాత్రమే చూస్తాడు. అంటుమామిడి నాలుగైదేళ్లకు కాపుకొస్తే కొబ్బరికి ఇంకాస్త ఎక్కువ కావాలి. ఎవరి కాలం వాళ్లది. పిల్లల విషయంలోనూ ఇంతే అనుకుంటే ఎన్ని ఇళ్లలో గొంతు తగ్గుతుందో!

నిజానికి తెలుగువాళ్లకు ఈ పోలిక కొత్తదేం కాదు. బిడ్డను కడుపుపంట అన్నారు. లేక లేక కలిగితే నోములపంట అన్నారు. పెళ్లిని నూరేళ్ల పంట అన్నారు. కడుపు పందెం అని ఏ అమ్మమ్మా అనలేదు. ఉభాలు వేసే చేతులనుంచి పుట్టిన భాష ఇది. పొలాలు దూరమయ్యేకొద్దీ ఆ మాటలు పెళ్లి శుభలేఖలకే పరిమితమై, బతుకులోకి పందెం వచ్చి కూర్చుంది.

సరుకా... చెట్టా?

పోలిక మంచిదైతే నిలబెడుతుంది, చెడ్డదైతే ముంచేస్తుంది. ఈ రెండు సంగతులూ చూపించిన మనిషి విజయనగరంలోనే ఉన్నాడు... గురజాడ అప్పారావు.

ఆయన కాలంలో ఆడపిల్ల సరుకు. ఈ మాట కఠినంగా ఉన్నా అక్షరాలా నిజం. కన్యాశుల్కం నాటకం 1897 నాటి కూర్పు పీఠికలో గురజాడ కొన్ని లెక్కలు ఇచ్చారు. విజయనగరం మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కవివాహాల జాబితా తీయించారట. మొత్తం 1034. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది వయసువాళ్లు ముగ్గురు! ఆ పసిగుడ్ల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. బిడ్డను సరుకు అనుకున్నాక ధర కట్టడం, బేరమాడడం తప్పనిపించవు. ఎందుకంటే సరుకుతో చేసే పని అదే కదా! 'పుత్తడిబొమ్మ' పూర్ణమ్మ కథ అందుకే అంత గుచ్చుకుంటుంది. బొమ్మ అన్నది ముద్దుమాటే. కానీ ముసలివాడికి కట్టబెట్టేటప్పుడు ఎవరూ బొమ్మ ఇష్టాన్ని అడగరు.

అదే గురజాడ 1910లో దేశభక్తి గేయం రాస్తూ దేశాన్ని ఓ పెద్ద చెట్టు చేశారు. ఆ చెట్టుకు ప్రేమలు పూలుగా పూయాలన్నారు. దాని వేళ్లను తడిపేది మనిషి చెమటే అన్నారు. చూడ్డానికి చిన్న పోలిక. కానీ అది విన్నవాడికి ఓ పని అప్పజెబుతుంది. దేశం దేవత అయితే దండం పెట్టి ఊరుకోవచ్చు. కోట అయితే కాపలా కాసి ఊరుకోవచ్చు. చెట్టు అయితే మాత్రం రోజూ నీళ్లు పోయాల్సిందే. బడిలో పాఠం చెప్పేవారూ, రోడ్డు ఊడ్చేవారూ, చెరువు గట్టు వేసేవారూ అందరూ ఆ వేళ్లను తడిపేవాళ్లే అవుతారు. ఎవరి బతుకూ వృథా కాదు.

పెళ్లిళ్ల మార్కెట్ అనీ, మంచి రేటు పలికే వరుడనీ ఇప్పటికీ నవ్వుతూ అనేస్తుంటారు. 1897లో నవ్వుతూ అన్నవాళ్లూ ఉండే ఉంటారు.

జబ్బుతో యుద్ధం చేయాల్సిందేనా?

పోలిక బాగా గట్టిగా పట్టుకునే చోటు ఇంకోటుంది... ఆస్పత్రి. క్యాన్సర్ అనగానే 'పోరాటం' అన్న మాట దానంతటదే వచ్చేస్తుంది. కోలుకుంటే 'క్యాన్సర్‌ను జయించారు' అంటాం. మరి కోలుకోని మనిషి? ఓడిపోయినట్టా? సరిగా పోరాడనట్టా?

అమెరికన్ రచయిత్రి సూసన్ సోంటాగ్ తనకు క్యాన్సర్ వచ్చిన తర్వాత, 1978లో, ఈ అలంకారాలన్నీ తీసి పక్కన పెట్టండని ఓ పుస్తకమే రాశారు. జబ్బు శాపం కాదు, శత్రువు కాదు, జబ్బు జబ్బే అన్నారామె. ఆ తర్వాత బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలేనా సెమినో బృందం దీన్నే లోతుగా పరిశీలించింది. రోగులూ, వాళ్లను చూసుకునే బంధువులూ, వైద్య సిబ్బందీ రాసిన, మాట్లాడిన మాటలు దాదాపు 15 లక్షలు పోగేసి చూశారు. తేలిందేమిటి? యుద్ధమనుకోవడం కొందరికి నిజంగానే బలమిచ్చింది. కొందరిని మాత్రం జబ్బు ముదిరినప్పుడు 'తప్పు నాదే' అని కుంగదీసింది. ప్రయాణం అనుకున్నవాళ్లలోనూ అంతే. కొందరికి తోడు దొరికినట్టయింది, కొందరికి దారి తెలియని చోట వదిలేసినట్టయింది.

అందుకే వాళ్లు 'ఇదే సరైన పోలిక' అని చెప్పలేదు. హోటల్లో మెనూ ఇచ్చినట్టు రకరకాల పోలికలు రాసి రోగుల ముందు పెట్టారు. పిలవకుండా వచ్చి ఇంట్లో మకాం వేసినవాడిలాంటిది ఈ జబ్బు అనుకోవడం వాటిలో ఒకటి. వాణ్ని వెళ్లగొట్టలేకపోవచ్చు. కానీ ఇల్లు ఇంకా నాదే. ఈ ఊహలో ఎంత ఊరట ఉందో మంచంలో పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మంచం పక్కన కూర్చునేవాళ్లు నేర్చుకోవాల్సింది ఒక్కటే. పోలిక ఇవ్వకూడదు, అడగాలి. 'నీకెలా ఉంది?' అని అడిగితే 'బాగానే ఉంది' అంటారు. 'ఎలా అనిపిస్తోంది, దేనిలా ఉంది?' అని అడిగి చూడండి. 'ఎవరూ దిగని స్టేషన్లో రైలు ఆగిపోయినట్టుంది' అనొచ్చు. అప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకు చేయాల్సిన పని దొరుకుతుంది. ఆ స్టేషన్లో కాసేపు పక్కన కూర్చోవడం!

సొరంగం దానంతటది పుట్టలేదు

రైలంటే ఎస్.కోట మీదుగా వెళ్లే కొత్తవలస - కిరండూల్ మార్గమే గుర్తొస్తుంది ఇక్కడివాళ్లకు. 1960వ దశకంలో జపాన్ సహకారంతో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన దారి అది. ఎస్.కోట దాటి కొండెక్కడం మొదలుపెడితే శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దారిలో యాభైకి పైగా సొరంగాలు. వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు. ప్రతి చీకట్లోనూ పెట్టెల్లోని పిల్లలు కేకలు పెడతారు. కాసేపటికి లోయ కనిపిస్తుంది.

'కష్టాలు సొరంగంలాంటివి, అవతల వెలుగుంటుంది' అన్నది వక్తలందరూ వాడే పోలిక. బాగానే ఉంటుంది. కానీ అందులో ఓ లోపముంది. రైల్లో కూర్చున్నవాడు ఏమీ చేయకపోయినా సొరంగం అయిపోతుంది. అప్పులో కూరుకుపోయినవాడికీ, తాగుడు మానలేని భర్తతో వేగుతున్న ఇల్లాలికీ అలా కాదు. ఊరికే కూర్చుంటే ఆ చీకటి తొలగదు. పైగా ఆ కొండను ఎందరో కూలీలు, ఇంజినీర్లు తొలిచారు కాబట్టే రైలు అవతలికి వెళుతోంది. సొరంగం పోలిక వాడాలనుకుంటే పూర్తిగా వాడాలి. 'ఓపిక పట్టు' అన్నదొక్కటే కాదు, 'తవ్వేవాళ్లను పిలుచుకో' అన్నదీ అందులో ఉంది. పొదుపు సంఘం, బ్యాంకు, డాక్టరు, పుట్టింటివాళ్లు, పక్కింటివాళ్లు... తవ్వడానికి చేతులు కావాలి.

పంట పోలికకూ ఇలాంటి పరీక్షే పెట్టాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల్నీ జీడితోటల్నీ నేలమట్టం చేసింది. తాతలు నాటిన చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయిన రైతు దగ్గరికెళ్లి 'వచ్చే కారుకు చూసుకుందాంలే' అంటే అది ఓదార్పు కాదు, ఎకసెక్కం. కొబ్బరికి వచ్చే కారు ఉండదు, వచ్చే తరమే ఉంటుంది. అక్కడ ముందు కావాల్సింది పోలిక కాదు, పరిహారం. ఆ తర్వాతే మొక్క. అయినా అక్కడివాళ్లు మళ్లీ మొక్కలు నాటారు. కాయ కోసేది తామో, పిల్లలో తెలియకుండానే నాటారు. పంట అంటే సొంత గాదె నింపుకోవడమొక్కటే కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

దాటాక తెప్పను మోయొద్దు

ఒక్క పోలికే బతుకంతా సరిపోతుందా? పెద్దలెవరూ అలా అనుకున్నట్టు లేదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథమంది. ఇంద్రియాలు గుర్రాలు, మనసు కళ్లెం, బుద్ధి సారథి. కోరికలు నాలుగువైపులా లాగే వయసుకు సరిగ్గా అతికే పోలిక. పల్లెల్లో తంబుర మీటుతూ పాడే తత్వాల్లో శరీరం తొమ్మిది వాకిళ్ల ఇల్లవుతుంది, ప్రాణం పంజరంలో చిలకవుతుంది. అయినవాళ్లు దూరమైనప్పుడు ఆ పాట వింటే ఏడుపు ఆగదు, కానీ గుండె కాస్త కుదుటపడుతుంది. పాతికేళ్ల కుర్రాడికి పొద్దున్నే చిలక తత్వం వినిపిస్తే? వాడు ఉద్యోగానికే వెళ్లడు! ఏ వయసుకు ఆ పోలిక.

బుద్ధుడు దీనికి ఓ చక్కని కథ చెప్పాడు. ఏరు దాటడానికి తెప్ప కట్టుకున్నవాడు, ఒడ్డు చేరాక 'ఇది నాకెంతో మేలు చేసింది' అని దాన్ని నెత్తిన పెట్టుకుని నడిస్తే ఎలా ఉంటుంది? తన బోధన కూడా దాటడానికే తప్ప మోయడానికి కాదన్నాడు. విజయనగరం జిల్లా రామతీర్థం కొండలమీద ఇప్పటికీ కనిపించే బౌద్ధ శిథిలాల్లో ఒకప్పుడు భిక్షువులు ఈ కథ చెప్పుకునే ఉంటారు. చిన్నప్పుడు కసి పెంచి చదివించిన 'పందెం' కూడా ఒక తెప్పే కావచ్చు. నలభై ఏళ్లొచ్చాక, ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అన్నీ ఉన్నాక ఇంకా పరిగెడుతూనే ఉంటే... ఎవరిని దాటడానికి?

కోత అయిపోయాక...

పంట పోలికలో అందరూ భయపడే ఘట్టం ఒకటుంది. కోత. పదవీ విరమణ చేసినవాళ్లు, పిల్లలు దూరదేశం వెళ్లిపోయినవాళ్లు చాలామంది అనే మాట... 'ఇంకేముంది, అయిపోయింది'. చేను ఖాళీ. మోళ్లు మాత్రం మిగిలాయి.

వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ నాజీల నిర్బంధ శిబిరాల్లో తల్లినీ, తండ్రినీ, భార్యనూ, అన్నదమ్ముణ్నీ పోగొట్టుకున్నాడు. బయటికొచ్చాక 1946లో ప్రచురించిన పుస్తకంలో మనిషి ఎలాంటి స్థితిలోనైనా బతుక్కి అర్థం వెతుక్కోగలడని రాశాడు. సరిగ్గా ఈ కోసేసిన చేను పోలికే వాడాడాయన. మనుషులు మోళ్లు మిగిలిన చేనునే చూస్తారు, నిండిన గాదెలవైపు చూడరు అన్నది ఆయన చెప్పిన మాట సారాంశం. చేసిన పనులు, పంచిన ప్రేమ, ధైర్యంగా ఓర్చుకున్న కష్టాలు... అన్నీ ఆ గాదెలో భద్రంగా ఉన్నాయి. జరిగిపోయినదాన్ని ఎవరూ దొంగిలించలేరు. తుపాను వచ్చినా తడవదు.

వియన్నా డాక్టరుకు తెలిసిన ఈ సంగతి ఎస్.కోట రైతుకు ఇంకా బాగా తెలుసు. కోత అయ్యాక అతను చేనుగట్టుమీద కూర్చుని ఏడవడు. కుప్ప వేస్తాడు, నూరుస్తాడు, తూర్పారబడతాడు. అందులోంచి మంచి గింజలు ఏరి విత్తనానికని వేరే దాస్తాడు. అరవై దాటినవాళ్లకు మిగిలిన పని అదే. మనవలకు చెప్పే కథ, వీధిలో పిల్లలకు నేర్పే లెక్కలు, కోడలికి అందించే చేతివంట... ఇవన్నీ విత్తనాలే.

మీ పోలిక ఏది?

ఇంటిల్లిపాదీ ఈ ఆదివారం సరదాగా చేయదగ్గ పని ఒకటుంది. ఒక్కొక్కరూ ఓ కాగితంమీద 'నా బతుకు ఒక...' అని రాసి, తట్టిన మాటతో పూర్తిచేయాలి. అందంగా ఉండాల్సిన పనిలేదు. పెరుగు కుండ అయినా, అద్దె ఇల్లయినా, సిటీ బస్సయినా సరే. తర్వాత ఆ మాటను నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఇది నాదేనా, ఎవరో తగిలించిందా? బడిలోనో, ఆఫీసులోనో, టీవీలోనో విన్నదే అయితే ఒకసారి దింపి చూసుకోవాలి.

ఇందులో పక్కవాడు ఎవరు? పందెంలో ప్రత్యర్థి. పొలంలో అయితే ఉభాలకు బదులుకొచ్చే మనిషి.

తప్పు జరిగితే మళ్లీ మొదలుపెట్టే వీలుందా? లేకపోతే ఆ పోలిక పిల్లలకు అసలే పనికిరాదు.

రేపు పొద్దున్న చేయడానికి ఓ పని చెబుతోందా? చెప్పకపోతే అది అలంకారమే తప్ప దారి కాదు.

నాలుగో ప్రశ్నకు జవాబు దొరికితే చాలు. జీవిత పరమార్థమన్న కొండంత మాటను చూసి ఇక భయపడక్కర్లేదు. బొర్రా గుహల్లో రాయి పెరిగినట్టు అది రోజుకో చుక్కగా ఏర్పడుతుంది.

ఇంట్లో ఎవరైనా కాగితంమీద 'గోడ', 'గొయ్యి', 'తాడు' లాంటి మాట రాసినా, ఏమీ రాయకుండా పక్కకు తోసేసినా నవ్వి ఊరుకోవద్దు. దిద్దనూ వద్దు. దగ్గర కూర్చుని వినాలి. మాటలు చాలవనిపిస్తే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ జాతీయ సేవలో రాత్రీపగలూ తెలుగులోనూ మాట్లాడేవాళ్లు ఉంటారు. అడగడం ఓటమి కాదు. ఆకుమడి ఎండిపోతే పక్క రైతు దగ్గర నారు తెచ్చుకోరూ? అలాంటిదే!